నా బుర్రకి ఏ చదువు పద్ధతి సరిపోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రూప్స్ ప్రిపరేషన్‌లో ఐదేళ్లు గడిపి, రాసిన నాలుగో పరీక్షలో ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి. ఆ ఐదేళ్లలో మొదటి మూడూ ఇంకొకరి టైమ్‌టేబుల్ పాటించడానికే సరిపోయాయి. ఇప్పుడు మా ఊరి పిల్లలు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు, వాళ్ల అక్కచెల్లెళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట రాశాను. నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టునీ కాను. చదివినవీ, నా మీద నేను ప్రయోగించి చూసుకున్నవీ చెబుతున్నాను.

మనిషి మనిషికీ చదివే పద్ధతి నిజంగా మారుతుందా?

సగం మారుతుంది, సగం మారదు. ఈ రెండూ కలగాపులగం చేసుకోవడం వల్లే నా మూడేళ్లు పోయాయి.

చదివింది నిలవడానికి కావలసినవి అందరికీ ఇంచుమించు ఒకటే. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవాలి, కొన్ని రోజులు ఎడం ఇచ్చి మళ్లీ చూడాలి, సరిగ్గా నిద్రపోవాలి. ఇందులో "నా మైండ్ వేరండీ" అనడానికి పెద్దగా చోటు లేదు. మనసును తీసుకొచ్చి పుస్తకం ముందు కూర్చోబెట్టే దారి మాత్రం ఎవరిది వాళ్లదే. ఒకరికి గది తలుపు వేస్తే తప్ప కుదరదు, ఇంకొకరికి నలుగురి మధ్య కూర్చుంటేనే కుదురుతుంది. ఒకరు కదలకుండా రెండు గంటలు కూర్చుంటారు, ఇంకొకరు డాబా మీద అటూ ఇటూ నడుస్తూ చదువుతారు. నేను రెండో రకం. ఇంటర్ హాస్టల్లో స్టడీ అవర్ అంటే నోరు మూసుకుని కూర్చోవడమే. లేచి నడిస్తే కేకలేసేవాళ్లు. నడుస్తూ పైకి చదివితే నాకు బాగా ఎక్కుతుందని తెలుసుకునేసరికి డిగ్రీ కూడా అయిపోయింది.

ప్రయోగాలు చేయాల్సింది ఈ రెండో సగంలోనే. మొదటి సగంలో ప్రయోగాలు చేస్తే టైమ్ వేస్టు.

ఆన్‌లైన్ టెస్టులో నేను 'విజువల్ లెర్నర్' అని వచ్చింది. బొమ్మలతోనే చదవాలా?

ఆ టెస్టు మీకు ఏది ఇష్టమో చెబుతుంది. ఏది నిలుస్తుందో చెప్పదు. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని మనుషుల్ని విడదీసి, ఎవరి తీరులో వాళ్లకి చెబితే ఎక్కువ వస్తుందన్న మాట మన బీఈడీ క్లాసుల్లో కూడా వినబడుతుంది. 2008లో అమెరికాలో పాష్లర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు కలిసి అంతవరకు వచ్చిన పరిశోధనలన్నీ వెతికి చూశారు. ఆ మాటను నిలబెట్టేంత ఆధారం లేదని తేల్చారు.

ఎలా చదవాలన్నది విషయాన్ని బట్టి ఉంటుంది. కృష్ణా, గోదావరి ఉపనదులు చదవాలంటే మ్యాప్ కావాలి, మీరు ఏ లెర్నర్ అయినా సరే. ఛందస్సు నేర్చుకోవాలంటే చెవి కావాలి. లెక్కలకు చెయ్యి కదలాలి.

నాలుగుసార్లు చదివాను, పరీక్షలో మాత్రం ఒక్క ముక్క గుర్తు రాలేదు. జ్ఞాపకశక్తి తక్కువా?

తక్కువ కాదు. నాలుగోసారి చదివేటప్పుడు కళ్లు జారిపోతూ వెళ్తాయి, ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటుంది. ఆ 'తెలిసినట్టు' దగ్గరే మోసం ఉంది. వీధిలో కనబడితే గుర్తుపట్టే మనిషి పేరు అడిగితే చెప్పలేకపోవడం లాంటిదే ఇది. గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. పరీక్షలో పుస్తకం ముందుండదు కదా.

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు కాలేజీ పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని కొందరిచేత రెండుసార్లు చదివించారు. మిగతావాళ్లచేత ఒకసారి చదివించి, రెండోసారి చదివే బదులు గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లే కాస్త మెరుగ్గా ఉన్నారు. వారం తర్వాత చూస్తే లెక్క తారుమారైంది. రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే.

ఆ ఐదు నిమిషాల సంగతే మనల్ని పాడుచేస్తోంది. మళ్లీ చదివిన వెంటనే అంతా వచ్చేసినట్టు ఉంటుంది కాబట్టి అదే మంచి పద్ధతి అనుకుంటాం.

చేయాల్సింది చాలా సులువు, కాకపోతే చికాకు పుట్టిస్తుంది. ఒక అంశం చదవండి. పుస్తకం మూయండి. తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాయండి. వాక్యాలు అక్కర్లేదు, ముక్కలు చాలు. తర్వాత పుస్తకం తెరిచి వదిలేసినవి వేరే రంగుతో రాయండి. మొదటి వారం ఆ కాగితం చూస్తే ఏడుపొస్తుంది. నాకు పంచాయతీరాజ్ కమిటీల గురించి రాయమంటే బల్వంత్‌రాయ్ మెహతా పేరు తప్ప ఏమీ రాలేదు. అప్పటికి ఆ చాప్టర్ ఆరుసార్లు చదివాను.

అంటే బట్టీ పట్టడం తప్పా?

బట్టీని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. నేను తిట్టను. ఎక్కాలు బట్టీ పట్టిన పిల్లాడు లెక్క చేసేటప్పుడు ఏడెనిమిదుల దగ్గర ఆగడు, వాడి బుర్ర అసలు లెక్క మీద ఉంటుంది. వేదపాఠశాలల్లో సంత చెప్పుకోవడం, వల్లె వేయడం అని ఉంటాయి. గురువు చెప్పింది వెంటనే పలకాలి, తర్వాత చూడకుండా పదే పదే అప్పజెప్పాలి. చూడకుండా అన్నది గమనించండి. పై ప్రశ్నలో చెప్పిన సూత్రమే అది.

అర్థం కానిదాన్ని బట్టీ పడితేనే చిక్కు. ఆర్టికల్ నంబర్లు, తేదీలు, ఫార్ములాలు, పీరియాడిక్ టేబుల్ బట్టీ పట్టండి, సిగ్గుపడక్కర్లేదు. రాష్ట్రపతి పాలన ఎందుకు, ఎప్పుడు పెడతారో మాత్రం బట్టీ పట్టకండి. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే దొరికిపోతారు.

రివిజన్ ఎన్ని రోజులకోసారి చేయాలి?

1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు మరుపు మీద తన లెక్కలు అచ్చు వేశాడు. అర్థం లేని అక్షరాల గుంపులు వందలకొద్దీ తనే బట్టీ పట్టి, ఎంత మరిచిపోయాడో తనే లెక్క పెట్టుకున్నాడు. గంట గడిచేసరికి పట్టిన శ్రమలో సగానికి పైగా కొట్టుకుపోయింది. ఆ తర్వాత మరుపు వేగం తగ్గింది. మన పాఠాలకు అర్థం ఉంటుంది కాబట్టి అంత త్వరగా పోవు, కానీ దారి అదే.

అందుకని మొదటి రివిజన్ దగ్గరగా, తర్వాతవి దూరం దూరంగా. నేను పాటించింది మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు, నెలకి. ఇవేమీ శాసనం మీద చెక్కిన అంకెలు కావు. పరీక్ష ఎంత దూరంలో ఉంటే ఎడం అంత పెంచుకోవచ్చు.

ఈ లెక్క గుర్తు పెట్టుకోవడమే పెద్ద పని అనిపిస్తే డబ్బాల పద్ధతి ఉంది. 1972లో జర్మన్ రచయిత లైట్నర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పాత పెళ్లి శుభలేఖలు చిన్న ముక్కలుగా కోసి, ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాయండి. మూడు స్వీటు డబ్బాలు పెట్టుకోండి. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది పది రోజులకోసారి తీయాలి. జవాబు వస్తే చీటీ తర్వాతి డబ్బాలోకి. రాకపోతే ఎక్కడున్నా సరే మళ్లీ మొదటి డబ్బాలోకి. వైకుంఠపాళిలో పాము మింగినట్టే. ఫోన్‌లో 'ఆంకీ' యాప్ ఇదే పని చేస్తుంది. నాకు ఫోన్ చేతిలోకి వస్తే ఆంకీ దాకా వెళ్లేలోపు వాట్సాప్ వస్తుంది. అందుకే స్వీటు డబ్బాలు.

25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగే పద్ధతి నాకు అస్సలు పనిచేయట్లేదు. నాలో ఏమైనా లోపమా?

లోపమేం లేదు. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి చదువు సాగక, వంటింట్లో వాడే టమాటా ఆకారం టైమర్ తిప్పుకుని మొదలుపెట్టిన పద్ధతి ఇది. పొమొడోరో అంటే ఇటాలియన్‌లో టమాటా. 25 అనేది అతనికి కుదిరిన అంకె. దాన్ని ప్రపంచమంతా మొక్కుబడిగా పట్టుకుంది.

మీ అంకె మీరు కనుక్కోవచ్చు. మూడు రోజుల పాటు టైమర్ పెట్టకుండా చదవండి. కూర్చున్న టైమ్ మార్జిన్‌లో రాయండి. మనసు మొదటిసారి పుస్తకం వదిలి వెళ్లిందని మీకు తెలిసిన క్షణాన మళ్లీ టైమ్ రాయండి. పది పన్నెండుసార్లు రాశాక ఒక అంకె చుట్టూ తిరుగుతుంటుంది. నాకు పాలిటీకి 18 నిమిషాలు, అరిథ్‌మెటిక్‌కి 50 దాటేది. ఒకే మనిషి, రెండు అంకెలు. లెక్క మధ్యలో ఉండగా టమాటా మోగితే చిరాకే కదా! దారి పట్టించడానికి పావుగంట పట్టే సబ్జెక్టుకు టైమర్ వద్దు. కూర్చోవడానికే బద్ధకించే సబ్జెక్టుకు పెట్టండి, పదే నిమిషాలైనా సరే.

తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే చదువు ఎక్కుతుందంటారు. నేను లేవలేను.

బ్రహ్మ ముహూర్తం మహిమ చెప్పని తాతయ్య తెలుగు నేల మీద లేడు. నిజానికి ఆ టైమ్‌లో ఉన్న లాభం నిశ్శబ్దం. ఎవరూ పిలవరు, ఫోన్ మోగదు. ఒంటి గడియారం మాత్రం అందరికీ ఒకలా తిరగదు. అందులోనూ పద్నాలుగు పదిహేనేళ్ల నుంచి ఇరవై దాకా పిల్లలకు నిద్ర సహజంగానే రాత్రి ఆలస్యంగా వస్తుంది. అది బద్ధకం కాదు, ఆ వయసు లక్షణం. రాత్రి పన్నెండున్నరకి పడుకున్న పిల్లాణ్ణి నాలుగింటికి లేపి కూర్చోబెడితే కళ్లు తెరిచి నిద్రపోతాడు.

పరీక్షకు ఒక నెల ముందు మాత్రం ఒంటిని పరీక్ష టైమ్‌కి అలవాటు చేయండి. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. ఉదయం షిఫ్ట్ పడితే రాత్రి పక్షికి కష్టమే.

నైట్ అవుట్ చేయొచ్చా?

వద్దు. పగలు చదివింది సర్దుకునేది నిద్రలోనే.

పాటలు వింటూ చదవొచ్చా?

మాటలున్న పాట, మాటలున్న పాఠం రెండూ ఒకే గుమ్మంలోంచి దూరబోతాయి. చదివేటప్పుడు వద్దు. లెక్కలు వేసేటప్పుడు, నోట్స్ ఫెయిర్ చేసేటప్పుడు వీణో, ఫ్లూటో, వాన చప్పుడో పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. నచ్చిన హీరో పాట మాత్రం ఏ పనికీ వద్దు, అది మీకూ తెలుసు.

ఇంట్లో కూర్చుంటే కుదరదు. లైబ్రరీకి వెళ్లాలా?

హైదరాబాద్‌లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు పొద్దున్నే వెళ్లి చూడండి. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది బ్యాగులో తమ పుస్తకాలే తెచ్చుకుంటారు. వాళ్లు వచ్చేది కుర్చీ కోసం, పక్కన చదువుతున్న మనుషుల కోసం. పక్కవాడు తల ఎత్తకుండా చదువుతుంటే మనం లేవడానికి మొహమాటపడతాం. ఆ మొహమాటమే పెట్టుబడి. నా ఐదేళ్లలో నాలుగో ఏడు నుంచి ఈ పెట్టుబడి మీదే నడిచాను.

లైబ్రరీ దగ్గర్లో లేకపోతే స్నేహితురాలికి వీడియో కాల్ చేసి, ఇద్దరూ మ్యూట్‌లో పెట్టుకుని చదువుకోండి. వినడానికి నవ్వొస్తుంది, పని మాత్రం జరుగుతుంది. కొందరికి ఇది పూర్తిగా వ్యతిరేకం, ఎవరైనా పక్కనుంటే పేజీ కదలదు. మీరు ఏ రకమో రెండు పూటల్లో తెలిసిపోతుంది.

ఫోన్ సంగతి?

సైలెంట్‌లో పెట్టి బల్ల మీద బోర్లా పడేయడం చాలదు. కళ్లకు కనబడినంతసేపు చెయ్యి దాని మీదికి వెళ్తూనే ఉంటుంది. వేరే గదిలో పెట్టండి. వేరే గది లేకపోతే అమ్మకు ఇవ్వండి. టైమ్ చూడటానికి కావాలంటే గోడ గడియారం కొనుక్కోండి.

నాకు ఇద్దరు పిల్లలు, డీఎస్సీకి చదువుతున్నాను. గంట దొరకడమే గగనం. నాకేది సరిపోతుంది?

అమ్మా, పైన చెప్పిన చీటీలు మీకోసమే పుట్టాయి. వంటింటి గట్టు మీద రోజుకు పది. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు రెండు చూడొచ్చు. పెడగాజీ లాంటివి మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒక కిటుకు: ప్రశ్న అడిగాక పది సెకన్లు ఖాళీ వదిలి జవాబు చెప్పండి. బట్టలు ఆరేస్తూ వింటే ఆ ఖాళీలో జవాబు మీరే చెప్పుకోవచ్చు. ఊరికే వింటే అది రేడియో అవుతుంది.

కొత్త విషయం అర్థం చేసుకోవడానికి మాత్రం ఈ ముక్కల టైమ్ పనికిరాదు. దానికి రోజూ ఒక గంట ఇంట్లోవాళ్లు మీకు ఇచ్చి తీరాలి. ఇది చదువు పద్ధతికి సంబంధించిన విషయం కాదు, మీ ఆయనతో కూర్చుని తేల్చుకోవాల్సింది.

చదువు ఇంగ్లీష్ మీడియం, ఆలోచన తెలుగు. దీనివల్ల నష్టమా?

దీన్నే వాడుకోండి. థర్మోడైనమిక్స్ రెండో నియమం చదివాక మీ నాన్నమ్మకి చెప్పినట్టు తెలుగులో చెప్పుకోండి: "వేడి తనంతట తాను చల్లటి దాంట్లోంచి వేడి దాంట్లోకి పోదు, పోవాలంటే ఫ్రిజ్‌లా కరెంటు ఖర్చు పెట్టాలి." ఎక్కడ నోరు ఆగిందో అక్కడ అర్థం కాలేదన్నమాట. తర్వాత అదే ఇంగ్లీష్‌లో రాయండి, ఎందుకంటే జవాబు రాయాల్సింది ఆ భాషలో.

అవధానుల్లాంటి ఏకాగ్రత మామూలు మనిషికి వస్తుందా?

అవధానం అన్న మాటకు అర్థమే ఏకాగ్రత. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలిచ్చి పద్యంలో పొదగమంటారు, నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు, ఇంకొకరు మధ్యలో అప్రస్తుత ప్రసంగంతో నవ్విస్తూ దృష్టి చెదరగొడతారు. అవధాని ఆవృత్తికో పాదం చొప్పున, అంటే ఒక్కో చుట్టులో ఒక్కో పాదం చెప్పి, చివర్లో ధారణలో పద్యాలన్నీ చూడకుండా అప్పజెప్పాలి.

చూసేవాళ్లకు ఎనిమిది పనులు ఒకేసారి చేసినట్టు ఉంటుంది. నా కంటికి మాత్రం అవధాని ఒక్కసారి ఒక్కరి దగ్గరే ఉంటాడు, పూర్తిగా ఉంటాడు, తర్వాత పూర్తిగా వదిలేస్తాడు. మళ్లీ తిరిగొచ్చినప్పుడు ఎక్కడ ఆపాడో గుర్తు తెచ్చుకుంటాడు. ఎడం ఇచ్చి గుర్తు తెచ్చుకోవడం అక్కడా ఉంది చూడండి. పైగా ఛందస్సు ఆయనకు ఊతకర్ర, గణం తప్పితే మాట తప్పిందని చెవే చెబుతుంది. ఏళ్ల సాధన ఆ ఒక్క విద్యకు ఆయన్ని తయారుచేస్తుంది. మనకు అంత అక్కర్లేదు. ఒక సబ్జెక్టు మీద నుంచి లేచేటప్పుడు "ఇక్కడ ఆపాను, తర్వాత ఇది" అని ఒక లైను రాసి లేచే అలవాటు చాలు.

ఇవన్నీ చేసి చూశాను. పది నిమిషాలు కూడా కూర్చోలేను. చిన్నప్పటి నుంచీ ఇంతే.

'చిన్నప్పటి నుంచీ' అన్నారు కాబట్టి ఈ జవాబు కాస్త జాగ్రత్తగా చదవండి. ఏడీహెచ్‌డీ అనే స్థితి ఉంది. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలవుతాయి, ఇంట్లోనూ, బడిలోనూ, తర్వాత ఉద్యోగంలోనూ కనబడతాయి. వస్తువులు పారేసుకోవడం, మొదలుపెట్టిన పని వదిలేయడం, ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండా అందుకోవడం, ఇష్టమైన పని దొరికితే మాత్రం తిండి కూడా మరిచిపోవడం. రీల్స్ చూసి మీకు మీరే నిర్ధారణ చేసుకోకండి. నిద్ర చాలకపోయినా, రక్తహీనత, థైరాయిడ్ ఉన్నా, డిప్రెషన్, టెన్షన్ ఉన్నా దృష్టి నిలవదు. ఏదన్నది తేల్చాల్సింది సైకియాట్రిస్టు. ఏడీహెచ్‌డీ అని తేలితే మందులు, శిక్షణ రెండూ ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరును మనం తిట్టుగా వాడుకుని ఎంతోమందిని ఆ గేటు దాకా వెళ్లనివ్వకుండా చేశాం. వెళ్లడానికి మనసొప్పకపోతే ముందు టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, నంబర్ 14416. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒక పద్ధతి నాకు సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

చదివినప్పుడు హాయిగా ఉందా లేదా అన్నది చూడకండి. హాయి నమ్మదగ్గ సాక్షి కాదు. ఒక వారం పాత పద్ధతి, ఒక వారం కొత్త పద్ధతి. ఒక్కటే మార్చండి, చోటూ టైమూ సబ్జెక్టూ అన్నీ కలిపి మార్చేస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. వారం చివర ఆదివారం పూట, ఆ వారం చదివినవాటి నుంచి ఇరవై ప్రశ్నలు, పుస్తకం మూసి. ఎన్ని వచ్చాయో నోట్‌బుక్ చివరి పేజీలో రాయండి. నా చివరి పేజీలో 'తెల్లవారుజాము' ఎదురుగా 9, 'సాయంత్రం డాబా మీద నడుస్తూ' ఎదురుగా 15 ఉంది. ఆ అంకె చూశాక అలారం పెట్టడం మానేశాను. మా నాన్న మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు.

హైలైటర్లు నాలుగు రంగులు కొనేశాను. ఏం చేయను?

2013లో డన్లోస్కీ బృందం పది చదువు పద్ధతుల్ని తూకం వేసినప్పుడు గీతలు గీయడానికి అట్టడుగు వరుసలోనే చోటు దొరికింది. అయినా పారేయకండి. చదివేటప్పుడు మూత తీయొద్దు. పుస్తకం మూసి కాగితం మీద రాశాక, ఏ లైను గుర్తు రాలేదో దాని మీద గీయండి. ఒక్క రంగు సరిపోతుంది. మిగతా మూడు ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇచ్చేయండి.